ఏటి అంటే ఎనిమిది

మొదటి మెసేజ్ వచ్చినప్పుడు పృథ్వీరాజ్ చేతికి పప్పన్నం అంటి ఉంది. అందువల్ల ఫోన్ చదివే పని వాళ్ళమ్మ పార్వతీదేవి తీసుకుంది. ఆ ఇంట్లో ఆవిడ తనంతట తాను తీసుకోని పని లేదు.

“ప్రియమైన సింధూరి గారూ,” అని ఆవిడ బడిపిల్లలా గట్టిగా చదివింది. “మా మెరుపు బ్యూటీ స్టోర్‌లో తడిసినా చెదరని కాటుక కొన్నందుకు ధన్యవాదాలు. మీ రివార్డు పాయింట్లు జమ అయ్యాయి.”

వాళ్ళ నాన్న నరసింగరావు ముద్ద కలపడం ఆపేశాడు. పృథ్వీరాజ్ నమలడం ఆపేశాడు.

“ఒరే, సింధూరి ఎవర్రా?”

“నాకేటి తెలుసమ్మా? ఎవలికో రావాల్సింది నాకొచ్చినాది.”

“ఎవలికో రావాల్సింది నీకే ఎందుకొస్తాది? పక్కింటి రాంబాబుకి రావచ్చు కదా?”

ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.కాం. చదివి, నరసన్నపేట బజార్లో తండ్రి కిరాణా కొట్టు చూసుకుంటున్న పృథ్వీరాజ్ కంచంలోకి తల వంచాడు. పార్వతీదేవి కాసేపు ఆలోచించి, మజ్జిగ పోసే వేళకి తీర్పు చెప్పేసింది.

“తడిసినా సెదరని కాటుక ఎవలు కొంటారు? ఏడిసేవోలు కొంటారు. ఆ పిల్లని ఎందుకు ఏడిపిస్తన్నావురా?”

పృథ్వీరాజ్‌కి పొలమారింది. నరసింగరావు బాధ మాత్రం వేరే.

“పాయింట్లంటే ఏట్రా?”

“కొన్నదానికి కొసరులాంటిది నాన్నా. కూడబెట్టుకుంటే తరవాత సరుకు ఊరికే ఇస్తారు.”

కొడుక్కి ఎవరో అమ్మాయి ఉందన్నప్పుడు చలించని మనిషి, ఈ మాటకి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆయన కొట్టు పెట్టిన నాటి నుంచీ ఎవరికీ కొసరు వేసి ఎరగడు. “ఒక గుప్పెడు కొసరు వెయ్యి మావా” అని ఎవరైనా అంటే తక్కెడ ముల్లు వైపు వేలు చూపించి ఊరుకునేవాడు. ఆయనకి గర్వమంటూ ఉన్నవి రెండే. ఒకటి ఆ ముల్లు. రెండోది అరవై దాటినా ఒక్క వెంట్రుకైనా నెరవని తన తల. “మా వంశంలో జుట్టు నెరవదు” అని వచ్చిన ప్రతి సంబంధం వాళ్ళకీ చెప్పేవాడు.

మెసేజ్‌లు ఆగలేదు. ఎండాకాలమంతా ఎండ తగలకుండా రాసుకునే క్రీములు. తరవాత లిప్‌స్టిక్‌లు. తేనె రంగు, ఇటుక రంగు, మందార రంగు, ముదురు మందార. కూపన్ మీద ఒకటి కొంటే ఒకటి ఉచితం. ఈవిడకి ఎన్ని పెదవులున్నాయో పృథ్వీరాజ్‌కి అంతుపట్టలేదు. జవాబు పంపుదామంటే ఈ నంబరుకు జవాబు పంపరాదని వచ్చేది. పోనుపోను, కొట్లో పప్పులు తూస్తూ, మధ్యాహ్నం వేళ ఫోన్ వైపు చూడటం అతనికి అలవాటైపోయింది. వారమంతా మెసేజ్ రాకపోతే పిల్లకి ఒంట్లో బాగుందో లేదో అని కూడా అనుకున్నాడు. ఇది చాలా తెలివితక్కువ పని అని అతనికి తెలుసు.

శ్రావణమాసంలో అసలు మెసేజ్ వచ్చింది. “ప్రియమైన సింధూరి గారూ, మీ పాయింట్లు ఈ ఆదివారంతో ముగుస్తాయి.”

ఆ ఆదివారం పృథ్వీరాజ్ శ్రీకాకుళం బస్సెక్కాడు. పాపం ఎవరి పాయింట్లో వాళ్ళకి చేర్చమని చెప్పి వచ్చేద్దామనే బయలుదేరాడు. ఆ మాట మనం నమ్మాలి.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర బస్సు దిగేసరికి వాన అందుకుంది. మెరుపు బ్యూటీ స్టోర్‌లోకి తడిసి అడుగుపెట్టాడు. కౌంటర్లో ధనరాజ్ అనే క్యాషియర్ ఉన్నాడు. ఎండాకాలం ముందు హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చాడు. నంబరు కొట్టగానే తెర మీద సింధూరి పేరు వచ్చింది.

“ఈ పాయింట్లు ఉన్నాయి చూడండి...”

“వాడేద్దామా సార్? మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, చెప్పండి.”

“అది కాదండి. ఇవి నావి...”

“మేడమ్ పేరున్నా మీవే సార్. మీ ఫోన్‌కే వచ్చింది కదా. ఈ రోజు వాడకపోతే జీరో అయితది.”

జీరో అన్న మాట నరసింగరావు కొడుకు గుండెకి తగిలింది. ఊరికే వచ్చేదాన్ని ఊరికే పోనివ్వడం ఆ రక్తంలో లేదు. నోరు తనంతట తనే ఓటీపీ చెప్పేసింది. తెలివి వచ్చేసరికి చేతిలో సంచీ ఉంది. సంచీలో తనకో ఫేస్‌వాష్, అమ్మకో క్రీము, నాన్నకో గడ్డం సబ్బు ఉన్నాయి.

అప్పుడే వెనకనుంచి ఒక తడి గొడుగు అతని చెప్పు మీద నీళ్ళు కార్చింది.

“ఆ పెట్టె తియ్యండి,” అంది గొడుగు పట్టుకున్న అమ్మాయి. అద్దాల బీరువాలో ఒక మేకప్ పెట్టె ఉంది. పెళ్ళికూతురి ముస్తాబుకి కావలసిన రంగులన్నీ అందులో ఉన్నాయి. కింద చీటీ మీద ‘అమ్మకానికి కాదు, పాయింట్లకే’ అని ఉంది. అదొక్కటే మిగిలింది.

“సింధూరి మేడమ్,” అన్నాడు ధనరాజ్ తెర చూసుకుంటూ. “మీ పాయింట్లు ఇప్పుడే వాడినరు కదా.”

పృథ్వీరాజ్ పక్కకి తిరిగి చూశాడు. ఇన్నాళ్ళుగా తను లిప్‌స్టిక్ రంగులతో సహా ఎరిగిన మనిషి పక్కనే నిలబడి ఉంది. ముఖాన వాన చుక్కలున్నాయి. కాటుక చెదరలేదు. లిప్‌స్టిక్ అసలు వేసుకోనే లేదు.

“నేనిప్పుడే కదండీ వచ్చినాను. ఎలాగ వాడతాను? నా నంబరు సరిగ్గా సూడండి.”

ఆమె ఒక్కో అంకే చెబుతోంది. ధనరాజ్ ఒక్కోటీ కొడుతున్నాడు. తొమ్మిదో అంకె అయ్యేసరికి అతని చూపు పక్కనున్న సంచుల కట్ట మీద పడింది. అలవాటు చొప్పున అడిగాడు.

“క్యారీ బ్యాగ్ కావాలా మేడమ్?”

“ఏటి?”

“ఓకే, ఎయిట్,” అని ధనరాజ్ ఎనిమిది నొక్కాడు.

ముగ్గురూ తెర వైపు చూశారు. తెర మీద పది అంకెలూ నిండి, పృథ్వీరాజ్ నంబరు ముచ్చటగా కూర్చుని ఉంది.

“ఎనిమిదని నేనెప్పుడన్నాను?” అంది సింధూరి.

“ఇప్పుడే మేడమ్. ఎయిట్ అన్నరు.”

“ఏటి అన్నానండి. ఏటి అంటే... ఏటి.”

“ఏటి అంటే ఏంటి అని,” అని పృథ్వీరాజ్ అందించాడు.

“ఏంటి అంటే ఏంటి సార్?”

“అదేనండి. మీరు ‘ఏంటి’ అంటారు చూడండి, దాన్ని మేము ‘ఏటి’ అంటాం.”

ధనరాజ్ కీబోర్డు మీదనుంచి చెయ్యి తీసేశాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళో ఇంతమంది నంబర్లలో ఎనిమిది ఎందుకుందా అని అతను ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

“మొదటిసారి రాయించినప్పుడు కూడా ఆఖర్న ఏడు సెప్పినాను కదా?”

“పది నిండినంక ఇంకేడ పడతది మేడమ్?”

“ఏడే కదా నేను సెప్తన్నది.”

ఆ మొదటిసారి తరవాత సింధూరి వచ్చినప్పుడల్లా ధనరాజ్ ముఖం గుర్తుపట్టి పేరుతోనే వెతికేవాడు. బిల్లు మీద పాయింట్లు కనిపించేవి కాబట్టి మెసేజ్ రావడం లేదని ఆమెకి అనుమానమే రాలేదు. తప్పు ఇన్నాళ్ళూ హాయిగా పెరిగింది.

సింధూరి మెల్లిగా పక్కకి తిరిగింది. “మీరెవరండీ?”

“ఎనిమిదిని,” అన్నాడు పృథ్వీరాజ్.

ఆమె చూపు అతని చేతిలోని సంచీ మీద పడింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని పృథ్వీరాజ్ తరవాత చాలాసార్లు అనుకున్నాడు. ఆమె గోడకి ఆనుకుని అలాగే కిందికి చూస్తూ నిలబడిపోయింది.

“ఇవి తిరిగి ఇచ్చేస్తానండి,” అన్నాడు.

“పాయింట్ల మీద తీసుకున్నవి వాపస్ లేవు సార్. సిస్టమ్ ఒప్పుకోదు,” అన్నాడు ధనరాజ్.

“ఆ పెట్టె డబ్బులిచ్చి కొంటాను.”

“అమ్మకానికి లేదు సార్.”

“ఉన్నా మీ సేత కొనిపించుకోను,” అంది సింధూరి. “ఎవల దగ్గరా రూపాయి తీసుకోకుండా నా పని నేను పెట్టుకుంటానని మా నాయినకి సెప్పి వచ్చినాను.”

వాన తగ్గలేదు కాబట్టి ఆమె చెప్పక తప్పలేదు, అతను వినక తప్పలేదు. ఎచ్చెర్ల పక్క పల్లెలో వాళ్ళ నాన్న అప్పలస్వామి వరి పండిస్తాడు. ఆమె పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేసే పని నేర్చుకుంది. కూపన్ల మీద కొన్న ఆ లిప్‌స్టిక్‌లన్నీ చిన్నాన్న కూతుళ్ళ ముఖాల మీద సాధన చేయడానికి. గురువారం నరసన్నపేటలో మొదటి పెళ్ళి ఒప్పుకుంది. ఆ పెళ్ళికూతురు ఈ అద్దాల ముందు నిలబడి, ఈ పెట్టెలో రంగులే కావాలని పట్టుబట్టింది.

“ఈ పెళ్ళి బాగా సేస్తే నా పని నాకుంటాది. నేకపోతే విజయనగరంలో బీయెడ్‌లో సేరాల. మా నాయిన ఫారం కూడా తెచ్చేసినాడు. పిల్లలకి పాఠాలు సెప్పడం మంచిదే. నాకు ఇష్టం నేదు, అంతే.”

పృథ్వీరాజ్‌కి సిగ్గేసింది. ఏదో ఒకటి మాట్లాడాలని, “మన నంబర్లు ఇంత దగ్గరగా ఎలా ఉన్నాయండీ?” అన్నాడు.

ఆమె కాస్త ఆలోచించింది. “యూనివర్సిటీ గేటు కాడ సిమ్ములు ఊరికే ఇచ్చినారు, అప్పుడు తీసుకున్నాను.”

“నేనూ అక్కడే. నా ముందు ఒక అమ్మాయి గొడుగు చువ్వతో నా కన్ను పొడవబోయింది.”

“గొడుగు ముయ్యమని ఎనకాల ఒకడు అరిసీసినాడు.”

ఇద్దరూ ఒకేసారి ఆ గొడుగు వైపు చూశారు. అదే గొడుగు. చువ్వ ఇంకా వంకరగానే ఉంది. వరసలో ఆమె ఏడు, అతను ఎనిమిది. సింధూరి నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి వెనక నవ్వుందో లేదో అతనికి కనబడలేదు.

ధనరాజ్ గొంతు సవరించుకున్నాడు. తప్పు తనది కావడంతో అతనూ ఒక దారి వెతికాడు. గోడ మీద కాగితం చూపించాడు. ఏ కంపెనీదైనా సరే, క్రీము, పౌడరు, జుట్టు రంగు, ఖాళీ అయిన డబ్బా తెస్తే ఒక్కోదానికి పాయింట్లు ఇస్తారు. పెట్టెను బుధవారం దాకా దాస్తానన్నాడు.

“మా ఇంట్లో అన్ని డబ్బాలు ఏటుంటాయి?” అంది సింధూరి.

“మా ఇంట్లో ఉన్నాయి,” అన్నాడు పృథ్వీరాజ్. “మా అమ్మ వంటింట్లో.”

పార్వతీదేవి ఏ డబ్బానీ పారేసే మనిషి కాదు. క్రీము సీసాలో మెంతులు, పౌడర్ డబ్బాలో ఇంగువ, ఇంకో సీసాలో లవంగాలు. సోమవారం ఆవిడ కూరగాయలకి వెళ్ళి వచ్చేసరికి వంటింటి గట్టు నిండా పరిచిన కాగితాల మీద దినుసులన్నీ కుప్పలుగా ఉన్నాయి. కొడుకు కుళాయి దగ్గర సీసాలు కడుగుతున్నాడు.

ఆవిడ చేతిలో సంచీ జారి వంకాయలు గడప దాటి దొర్లాయి.

“ఒరే. నా మెంతుల సీసా కాళీ సేసీసినావేట్రా.”

“కావాలమ్మా.”

“ఎవలికి?”

ఇక దాచి లాభం లేదు. “సింధూరికి,” అన్నాడు.

ఆవిడ పీట మీద కూలబడింది. “అయితే ఉన్నాదన్నమాట. నిజంగా ఉన్నాదన్నమాట.”

జరిగిందంతా కొడుకు చేత చెప్పించుకుంది. తరవాత లేచి బీరువా తెరిచి, చీరల అడుగునుంచి ఒక రేకు పౌడర్ డబ్బా తీసింది. మూత మీద గులాబీ బొమ్మ సగం అరిగిపోయింది. లోపల గుండీలున్నాయి. వాటిని ఒళ్ళో పోసుకుంది.

“పెళ్ళయిన కొత్తలో మీ నాన్న కొన్నాడు. మళ్ళీ కొన్నేదు. దీన్ని కూడా ఇచ్చీ. కానీ నేనూ వస్తాను. ఆ పిల్ల ఏడుస్తాదో నవ్వుతాదో నేను సూడాల.”

ఇదంతా నరసింగరావు గుమ్మంలో నిలబడి విన్నాడు. “కాళీ డబ్బాకి సరుకిస్తారేట్రా?” అని ఒక్క మాట అడిగి, నమ్మకం కుదరని ముఖంతో కొట్లోకి వెళ్ళిపోయాడు.

మంగళవారం మెరుపు స్టోర్ కౌంటర్ మీద డబ్బాలు బారులు తీరాయి. ధనరాజ్ మూతలు తీసినప్పుడల్లా ఏసీ గదిలో పోపు వాసన వేసింది. లిప్‌స్టిక్ చూసుకుంటున్న ఇద్దరు అమ్మాయిలకి తుమ్ములొచ్చాయి. అన్నీ చూసి ధనరాజ్ తల గోక్కున్నాడు. ఇంకా కొంచెం తక్కువే. ఆ గులాబీ డబ్బా కలిపినా సరిపోతుందో లేదో.

సింధూరి ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. అరిగిన గులాబీని వేలితో తడిమింది. మూత వాసన చూసింది.

“ఇది నేను ఇయ్యను. ఇందులో వాసన ఇంకా పోనేదు,” అంది. “మీరు దాచుకోండి పిన్నీ. పెట్టె నేకపోతే పోనీ, ఉన్నవాటితోనే సేస్తాను. ఆ పెళ్ళికూతురు వద్దంటే వద్దంటాది.”

పృథ్వీరాజ్‌కి అప్పుడు తెలిసింది, తను ప్రేమలో పడ్డాడని. మెసేజ్‌లలో మనిషి ఏమి కొంటుందో తెలిసింది గానీ, ఏది ఇవ్వనంటుందో ఇప్పుడే తెలిసింది. పార్వతీదేవి మాత్రం ముఖం చిట్లించింది.

“ఏటన్నావు? పిన్నీ అనా?”

“తప్పా అండీ?”

“పిన్నంటే వీడు నీకు అన్నో తమ్ముడో అవుతాడు. అత్తా అను.”

సింధూరి చెవులు మందార రంగుకి తిరిగాయి. ముదురు మందార. పృథ్వీరాజ్ గోడ మీది ధరలు చదవడం మొదలుపెట్టాడు. ధనరాజ్‌కి ఈ చుట్టరికాల లెక్క అర్థం కాలేదు గానీ, ఏదో జరిగిందని మాత్రం అర్థమైంది.

అదే నిమిషాన తలుపు తోసుకుని నరసింగరావు వచ్చాడు. భుజాన బియ్యం సంచీ. ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా కౌంటర్ దగ్గరకి వెళ్ళి, సంచీ బోర్లించాడు.

గలగలమని సీసాలు రాలాయి. అన్నీ ఒకటే రకం. నల్ల రంగు. జుట్టుకి వేసుకునేది.

పార్వతీదేవి కళ్ళు సీసాల మీదనుంచి మొగుడి తల మీదకి వెళ్ళాయి, మళ్ళీ సీసాల మీదకి వచ్చాయి.

“మీ వంశంలో జుట్టు నెరవదన్నావు,” అంది నీరసంగా.

“వంశం సంగతి ఇంటికాడ మాటాడుకుందాం. బియ్యం బస్తాల ఎనక దాసినాను. పారెయ్యడానికి మనసొప్పనేదు.” నరసింగరావు ధనరాజ్ వైపు తిరిగాడు. “కాళీ డబ్బాకి సరుకిస్తారంట. నిజమేనా బాబూ?”

“నిజమే సార్. హెయిర్ డై కూడా బ్యూటీయే.”

అద్దాల బీరువా తాళం తీసి పెట్టెను సింధూరి చేతిలో పెట్టినప్పుడు కూడా ముసలాయన నమ్మలేదు. బిల్లు అడిగి, సున్నా అని రాసి ఉన్న చోట కళ్ళజోడు పెట్టుకుని చూసుకున్నాడు. ఆ రోజే ధనరాజ్ సింధూరి నంబరు చివర ఎనిమిది చెరిపి ఏడు పెట్టాడు.

గురువారం పెళ్ళిలో వాన పందిరిని వదల్లేదు. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురు బావురుమని ఏడ్చింది. చుట్టాలంతా ఆమె కళ్ళవైపే చూశారు. కాటుక చెదరలేదు, పెదవుల రంగు పోలేదు. పందిట్లోనే ఇద్దరు తల్లులు సింధూరిని పక్కకి పిలిచి తమ కూతుళ్ళ ముహూర్తాలు చెప్పారు. ఆ సాయంత్రం అప్పలస్వామి బీయెడ్ ఫారాన్ని మడిచి అటక మీద పెట్టాడట.

వారం తరవాత సింధూరి నరసన్నపేట కొట్టుకి వచ్చింది. నలుగు పిండికి పెసలు కావాలంది. పృథ్వీరాజ్ లేవబోతే నరసింగరావు చెయ్యి అడ్డం పెట్టి తనే తక్కెడ పట్టుకున్నాడు. ఆయన తలమీద తెల్ల వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఇంట్లో తెలిసిపోయాక రంగు మానేశాడు.

ముల్లు నడిమికి వచ్చి ఆగింది. పొట్లం కట్టబోతూ ఆయన ఒక్క క్షణం నిలిచాడు. తరవాత బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు పెసలు తీసి పొట్లంలో పోశాడు.

పప్పు కోసం నిలబడ్డ లక్ష్మణమ్మ చేతిలో చిల్లర కింద పడింది. “కొసరు వేసినావేటి మావా?” అంది.

“మనింటి పిల్లకి వెయ్యకపోతే ఎవలికి వేస్తాను?” అన్నాడు నరసింగరావు, ముల్లు వైపే చూస్తూ.

సింధూరి పొట్లం గుండెకి హత్తుకుని గబగబా మెట్లు దిగింది. పృథ్వీరాజ్ వెనకే వెళ్ళాడు. బజార్లో సన్నటి జల్లు. వంకర చువ్వ గొడుగు తెరుచుకుంది. ఈసారి దాన్ని ముయ్యమని అతను అనలేదు, దాని కిందికి దూరాడు.

జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి నిలబడిపోయాడు.

“ప్రియమైన సింధూరి గారూ, మీరు గాజుల రంగు గోళ్ళ పాలిష్ కొన్నందుకు...”

“ఇదేటిది,” అన్నాడు. “ధనరాజ్ సరిచేసినాడు కదా. నీ నంబరు చివర ఏడు పెట్టినాడు, నేను సూసినాను. మళ్ళీ నాకే వస్తన్నాది. మళ్ళీ తప్పు పడినట్టున్నాది.”

సింధూరి గొడుగు పిడి తిప్పుతూ వాన వైపు చూసింది.

“పొద్దున్న నేనే ఎల్లి మార్పించినాను,” అంది. “ఈసారి ఏటి అన్నేదు. ఎనిమిదనే సెప్పినాను.”